నెగెటివ్ అంటే ఏ రోజుకి నెగెటివ్? అడల్ట్ సినిమా నటీనటుల పరీక్షల వెనక లెక్కలు

అమెరికాలో అడల్ట్ సినిమాల పరిశ్రమకి చాలాకాలంగా కేంద్రం లాస్ ఏంజెలిస్, అందులోనూ శాన్ ఫెర్నాండో లోయ. అక్కడి పేరున్న నిర్మాణ సంస్థల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. షూటింగ్‌కి ముందు 14 రోజుల్లోపు ఇచ్చిన శాంపిళ్లలో అన్ని పరీక్షలూ నెగెటివ్ వస్తేనే నటీనటులు సెట్ మీదికి రావాలి. ఇది చట్టం కాదు, పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న నియమం. దీని గురించి విన్నవాళ్లు కొందరు "రెండు వారాలకోసారి పరీక్షలంటే ఇంకేం ప్రమాదం" అనుకుంటారు, ఇంకొందరు "ఆ కాగితాల్ని ఎవడు నమ్ముతాడు" అని కొట్టిపారేస్తారు. పరీక్షల తీరు తెలిసినవాళ్లకి ఈ రెండు మాటలూ మింగుడుపడవు.

రిపోర్టు మీద "నెగెటివ్" అని కనిపించగానే అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. శాంపిల్ ఏ రోజు తీశారు? ఒంట్లో ఎక్కడి నుంచి తీశారు? ల్యాబ్‌లో ఏ పద్ధతిలో చూశారు? శాంపిల్ ఇచ్చిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా ఆ మనిషి ఎవరెవరితో కలిశాడు? మొదటి మూడింటికీ జవాబు రిపోర్టులోనే ఉంటుంది, చదవడం తెలిస్తే. నాలుగోది ఏ ల్యాబూ చెప్పలేదు. 14 రోజుల నియమం, మూడు చోట్ల శాంపిళ్లు, డేటాబేస్, షూటింగుల నిలిపివేత, ఇవన్నీ ఆ నాలుగో ప్రశ్న మిగిల్చే ఖాళీని తగ్గించడానికి వచ్చినవే. తగ్గించాయి గానీ పూడ్చలేదు.

30 నుంచి 14కి

1998లో లాస్ ఏంజెలిస్ నటీనటుల్లో హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాక, ఒకప్పుడు తానూ ఈ సినిమాల్లో నటించిన షారన్ మిచెల్ నటీనటుల కోసం ఒక క్లినిక్ మొదలుపెట్టింది. దాని పేరు అడల్ట్ ఇండస్ట్రీ మెడికల్ హెల్త్ కేర్ ఫౌండేషన్, పొట్టిగా ఎయిమ్. నెలకోసారి పరీక్ష అన్న అలవాటు అక్కడే స్థిరపడింది. వైరస్‌ని ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీల కోసం చూసే మామూలు పరీక్ష మీద ఆధారపడకుండా వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా వెతికే పద్ధతి వాడటం దాని ప్రత్యేకత. ఆ రోజుల్లో మామూలు క్లినిక్‌లలో అంత జాగ్రత్త అరుదు.

ఆ ఏర్పాటులో ఎక్కడ లోపం ఉందో 2004లో తేలింది. ఒక నటుడు బ్రెజిల్‌లో షూటింగ్ చేసి మార్చి 10న కాలిఫోర్నియా తిరిగొచ్చాడు. ఫ్లూ లాంటి జ్వరం వచ్చి తగ్గింది. మార్చి 17న పరీక్ష చేయించుకుంటే నెగెటివ్. ఆ కాగితంతో మళ్లీ పనిలోకి దిగాడు. ఏప్రిల్ 9న పాజిటివ్ వచ్చింది. ఈ మధ్యలో అతనితో కండోమ్ లేకుండా నటించిన 13 మంది మహిళల్లో ముగ్గురికి వైరస్ సోకింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన వారపత్రికలో ఈ కేసు వివరాలు ప్రచురించింది. ఇక్కడ ఎవరూ నియమం తప్పలేదు. పరీక్ష చేయించుకున్నారు, కాగితం సరైనదే, తేదీ కూడా చెల్లుబాటులోనే ఉంది. అయినా ముగ్గురికి సోకింది.

2011లో ఎయిమ్ మూతపడింది. అంతకుముందే దాని రికార్డుల నుంచి వేలమంది నటీనటుల అసలు పేర్లు ఇంటర్నెట్‌లోకి పొక్కాయి, కోర్టు కేసులు నెత్తిన పడ్డాయి. ఆ స్థానంలో పరిశ్రమ సంఘమైన ఫ్రీ స్పీచ్ కోయలిషన్ కొత్త ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు దాన్ని అందరూ పాస్ అంటారు, పూర్తి పేరు పెర్ఫార్మర్ అవైలబిలిటీ స్క్రీనింగ్ సర్వీసెస్. 2013లో మళ్లీ హెచ్‌ఐవీ కేసులు బయటపడి షూటింగులు ఆగాక, గడువు రెండు వారాలకి దిగింది.

విండో పీరియడ్ దగ్గరే అసలు చిక్కు

వైరస్ ఒంట్లోకి దిగిన తొలి రోజుల్లో రక్తంలో ఏ పరీక్షకీ దొరకదు. హెచ్‌ఐవీకి ఈ చీకటి కాలం సుమారు పది రోజులు. తర్వాత రక్తంలో వైరస్ సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ దశలో దాదాపు రోజుకోసారి రెట్టింపవుతుంది. అంటే ఇవాళ ల్యాబ్‌కి చిక్కనంత తక్కువగా ఉన్న వైరస్, వారం తిరిగేసరికి వందరెట్లకి పైగా పెరిగి ఉంటుంది. అప్పుడే అది ఇతరులకి అతి తేలిగ్గా అంటుకుంటుంది. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తేనే 14 రోజుల నియమం బలమూ బలహీనతా అర్థమవుతాయి.

వైరస్ సోకిన నాటి నుంచి పరీక్షకి చిక్కేదాకా పట్టే కాలాన్నే విండో పీరియడ్ అంటారు. పద్ధతిని బట్టి ఈ విండో మారుతుంది. సీడీసీ లెక్క ప్రకారం, సిర నుంచి తీసిన రక్తంలో వైరస్ జన్యు పదార్థమైన ఆర్‌ఎన్‌ఏని వెతికే న్యూక్లియిక్ యాసిడ్ పరీక్ష, అంటే నాట్, వైరస్ సోకిన 10 నుంచి 33 రోజుల్లో దాన్ని పట్టుకుంటుంది. వైరస్ ప్రొటీన్‌నీ (యాంటీజెన్) యాంటీబాడీలనీ కలిపి ల్యాబ్‌లో చూసే యాంటీజెన్–యాంటీబాడీ పరీక్షకి 18 నుంచి 45 రోజులు. యాంటీబాడీ మాత్రమే చూసే పరీక్షలకి 23 నుంచి 90 రోజులు. వేలికొనన గుచ్చి ఇరవై నిమిషాల్లో జవాబు చెప్పే ర్యాపిడ్ కిట్లు ఎక్కువగా ఈ చివరి కోవలోవే. ఇంట్లో చేసుకునే కిట్ రిపోర్టుని షూటింగ్‌కి ఎందుకు ఒప్పుకోరంటే కారణం ఇదే. కిట్ మంచిదే కావచ్చు, అది మూడు నెలల కిందటి సంగతి మాత్రమే నమ్మకంగా చెప్పగలదు.

రోజులు వేసి చూద్దాం. ఒకరికి 1వ తారీఖున వైరస్ సోకింది. 6న నాట్ కోసం రక్తం ఇచ్చారు, నెగెటివ్ వచ్చింది. అది 20 దాకా చెల్లుతుంది. 11, 12 తేదీలకి రక్తంలో వైరస్ కనిపించే స్థాయికి వస్తుంది, 15 నాటికి బాగా పెరుగుతుంది. అంటే 12 నుంచి 20 దాకా తొమ్మిది రోజులపాటు ఆ మనిషి చేతిలో చెల్లుబాటయ్యే నెగెటివ్ కాగితం ఉంటుంది, ఒంట్లో ఇతరులకి సోకే వైరస్ ఉంటుంది. గడువు 30 రోజులైతే ఈ ప్రమాదకాలం తొమ్మిది కాదు, పాతిక రోజులు. రెండు వారాల నియమం చేసిన మేలు ఇంతే, కానీ ఇది చిన్న మేలేమీ కాదు. ప్రమాదకాలం మూడోవంతుకి పడిపోతే ఆ మధ్య కలిసేవాళ్ల సంఖ్య కూడా అలాగే పడిపోతుంది. గడువు ఏడు రోజులకి తగ్గించినా పూర్తిగా పోదు. విండో ఉన్నంతకాలం ఎంతోకొంత మిగులుతుంది.

2014 నాటి కేసు ఇంకా వివరంగా నమోదైంది. 25 ఏళ్ల ఒక నటుడికి నాట్‌లో నెగెటివ్ వచ్చింది. పదో రోజున జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, గొంతునొప్పి మొదలయ్యాయి. ఆరు రోజులు ఓర్చుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. పాజిటివ్ అన్న సంగతి అతనికి చేరడానికి మరో ఆరు రోజులు పట్టింది. మొత్తం 22 రోజులు. ఈ లోపు రెండు నిర్మాణ సంస్థల షూటింగుల్లో 12 మంది నటులతో కండోమ్ లేకుండా పనిచేశాడు. వైరస్‌ల జన్యుక్రమాలు పోల్చి చూస్తే, అతనికి పనితో సంబంధం లేని భాగస్వామి నుంచి సోకినట్టు, అతని నుంచి ఒక తోటి నటుడికీ, బయటి భాగస్వామి ఒకరికీ చేరినట్టు తేలింది. పరీక్షలతో మాత్రమే హెచ్‌ఐవీని ఆపలేమని సీడీసీ 2016లో తేల్చి రాసింది ఈ కేసు ఆధారంగానే.

ఈ కేసులో చాలామంది దృష్టికి రాని భాగం మధ్యలో ఉన్న ఆ రెండు ఆరు రోజులు. జ్వరం, దద్దుర్లు, గొంతునొప్పి మూడూ కలిసి వచ్చాయంటే కాగితం మీద ఏ తేదీ ఉన్నా పని ఆపాలి. నెగెటివ్ రిపోర్టు జేబులో ఉన్నప్పుడు ఆ లక్షణాలని ఫ్లూ అని సర్దిచెప్పుకోవడం ఎవరికైనా తేలిక. రిపోర్టు ఆలస్యం కూడా ప్రమాదమే. శాంపిల్ తీసిన మర్నాడే ఫలితం ఇచ్చే ల్యాబ్‌కీ వారం తీసుకునే ల్యాబ్‌కీ తేడా సౌకర్యం వరకే అనుకోకూడదు, వైరస్ రోజుకోసారి రెట్టింపయ్యే దశలో ఆ వారం మొత్తం ప్రమాదంలోకే పోతుంది. అందుకే 14 రోజుల లెక్క శాంపిల్ తీసిన రోజు నుంచి వేయాలి. రిపోర్టు చేతికొచ్చిన తేదీ నుంచి లెక్కేస్తే 14 కాస్తా 18, 20 అవుతుంది. కాగితం మీద రెండు తేదీలూ ఉంటాయి, పైన పెద్దగా కనిపించేది చాలాసార్లు రెండోదే.

గొంతులో ఉన్నది మూత్రంలో దొరకదు

హెచ్‌ఐవీ గురించి జనం ఎక్కువ మాట్లాడతారు గానీ, నటీనటులకి రోజువారీ తలనొప్పి లైంగికంగా సోకే గనేరియా, క్లమీడియా వ్యాధులే. వీటి బ్యాక్టీరియా సాధారణంగా రక్తంలో తిరగదు, సోకిన చోటే కూర్చుంటుంది. గొంతులో సోకితే గొంతులోనే, మలద్వారంలో సోకితే అక్కడే. మూత్రం పరీక్ష మూత్రనాళం సంగతి మాత్రమే చెబుతుంది. చాలా ఏళ్లపాటు పరిశ్రమ ప్రమాణం మూత్రం పరీక్షే.

లాస్ ఏంజెలిస్‌లో 168 మంది నటీనటులకి మూడు చోట్ల పరీక్ష చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ లోటుని బయటపెట్టింది. 47 మందికి గనేరియాగానీ క్లమీడియాగానీ రెండూగానీ ఉన్నాయి. వాళ్లలో 11 మందిది జననాంగాల శాంపిల్ ఒక్కటే చూస్తే అసలు దొరికేది కాదు. సోకిన చోట్లలో అన్నిటికంటే ఎక్కువ గొంతే. గొంతు ఇన్ఫెక్షన్లలో 95 శాతం మందికి నొప్పీ మంటా ఏమీ లేవు. లక్షణాలు కనిపిస్తే ఆగిపోతాం అనే మాటకి ఈ వ్యాధుల విషయంలో విలువ లేదని ఈ ఒక్క అంకె చాలు చెప్పడానికి. ఇప్పుడు గొంతు, మలద్వారం స్వాబ్‌లు, అంటే దూదిపుల్లతో రుద్ది తీసే శాంపిళ్లు కూడా ప్రమాణంలో చేరాయి.

స్వాబ్ ఎలా తీశారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. గొంతుకి రెండు టాన్సిల్స్ మీదా, వెనక గోడ మీదా గట్టిగా రుద్దాలి. బుగ్గ లోపల, నాలుక మీద తిప్పి తీసేస్తే బ్యాక్టీరియా ఉన్నా నెగెటివ్ వస్తుంది. వాంతి వచ్చేలా అనిపించి చాలామంది చేయి వెనక్కి లాగేసుకుంటారు, ల్యాబ్‌కి ఆ సంగతి తెలియదు. మలద్వారంలో స్వాబ్‌ని మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు లోపలికి పోనిచ్చి, గోడలకి ఆనించి నెమ్మదిగా తిప్పాలి. బయటికి తీసినప్పుడు మలం బాగా అంటుకుని ఉంటే అది పారేసి ఇంకోటి తీసుకోవాలి. మహిళలకి మూత్రం కంటే యోని స్వాబ్ మెరుగు. మూత్రం మీద ఆధారపడితే పదిశాతం వరకూ కేసులు తప్పిపోవచ్చని సీడీసీ చెబుతుంది. ఎలా తీయాలో బొమ్మతో సహా సరిగ్గా చెబితే, నర్సు తీసినా తామే తీసుకున్నా ఫలితంలో తేడా ఉండదు.

మూత్రంలో జరిగే తప్పు ఇంకా మామూలుది. యూరిన్ ఇన్ఫెక్షన్ పరీక్షకి "మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టండి" అని చెప్పడం అందరికీ అలవాటు. గనేరియా, క్లమీడియాలకి కావాల్సింది దానికి సరిగ్గా రివర్స్: మొదటి ధార, 20–30 మిల్లీలీటర్లు చాలు. బ్యాక్టీరియాని కడిగి తెచ్చేది ఆ మొదటి ధారే. దాన్ని వదిలేసినా, కప్పు నిండా పట్టినా పలచనైపోతుంది. శాంపిల్‌కి ముందు కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకూడదు. క్లినిక్‌కి వచ్చీరాగానే బాత్రూంకి వెళ్లొచ్చి, పది నిమిషాల తర్వాత కప్పు అందుకున్నవాళ్ల నెగెటివ్‌ని అంతగా నమ్మలేం.

ట్యూబ్‌ల మీద గొంతుదా, మలద్వారందా అని రాయడం చిల్లర పనిలా కనిపిస్తుంది. కానీ గొంతు గనేరియా మొండిది, అక్కడ మందు అంత బాగా పనిచేయదు. సెఫ్ట్రియాక్సోన్ 500 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఒక్కటి ఇచ్చాక, గొంతుదైతే 7 నుంచి 14 రోజుల మధ్య తగ్గిందో లేదో మళ్లీ చూడాలి. మిగతా చోట్లకి సాధారణంగా ఆ అవసరం లేదు. లేబుళ్లు తారుమారైతే ఈ రెండో పరీక్ష ఎగిరిపోతుంది.

చికిత్స అయ్యాక ఇంకో చిక్కు. ఈ పరీక్షలు వెతికేది బ్యాక్టీరియా జన్యు పదార్థాన్ని. బ్యాక్టీరియా చచ్చినా ఆ శిథిలాలు కొన్ని వారాలు ఉండిపోతాయి. క్లమీడియాకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఏడు రోజులు వాడాక, నాలుగు వారాలు నిండకముందే మళ్లీ పరీక్షిస్తే వ్యాధి లేకపోయినా పాజిటివ్ రావచ్చు. కానీ పరిశ్రమ క్యాలెండర్ 14 రోజులది. మందు పూర్తిచేసిన నటి రెండు వారాలకి పాజిటివ్ చూసి హడలిపోతుంది, నిర్మాత ఇంకొకరిని పెట్టుకుంటాడు. ఇలాంటప్పుడు డాక్టర్ రాసిచ్చే క్లియరెన్స్ లేకుండా అంకెల్ని మాత్రమే నమ్ముకుంటే పని పోతుంది. అందరూ చేసే పొరపాటు ఇంకోటి ఉంది. ఒంటిడోస్ మందు వేసుకున్నవాళ్లు ఏడు రోజులు, ఏడు రోజుల కోర్సు వాడేవాళ్లు అది ముగిసేదాకా, కలయికకి దూరంగా ఉండాలి. ఇంటి భాగస్వామి కూడా అదే సమయంలో మందు వాడాలి. ఒకరు వాడి ఇంకొకరు వాడకపోతే వ్యాధి బంతిలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

సిఫిలిస్, దిద్దిన కాగితం

సిఫిలిస్‌కి రెండు రకాల రక్తపరీక్షలు కలిపి చదవాలి. సిఫిలిస్ బ్యాక్టీరియా మీద తయారైన యాంటీబాడీలని వెతికే ట్రెపోనీమల్ పరీక్ష ఒకసారి పాజిటివ్ వస్తే, మందు వాడి పూర్తిగా నయమైనా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. పదేళ్ల కిందట పెన్సిలిన్ తీసుకున్న మనిషి ఈ పరీక్ష ఒక్కదానితో జీవితాంతం పనికి దూరమైపోతాడు. అందుకే ఆర్‌పీఆర్ అనే రెండో పరీక్ష. ఇది 1:8, 1:32 లాంటి టైటర్‌తో వస్తుంది, అంటే రక్తాన్ని ఎంత పలచన చేసేదాకా పాజిటివ్ వస్తుందో చెప్పే అంకె. 1:32 నుంచి 1:8కి, అంటే నాలుగోవంతుకి దిగితే చికిత్స పనిచేసినట్టు. 1:2 దగ్గర ఉన్నది 1:8కి, 1:16కి ఎక్కితే మళ్లీ సోకినట్టు అనుమానించాలి. పాత టైటర్ ఎంతో తెలియకుండా కొత్త రిపోర్టు చదవడం కుదరదు. ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించుకోమనేది అందుకే.

సిఫిలిస్ సోకిన 10 నుంచి 90 రోజుల్లో, సగటున 21 రోజులకి పుండు వస్తుంది. పుండు కొత్తగా వచ్చినప్పుడు ఆర్‌పీఆర్ ఇంకా నెగెటివ్‌గా ఉండొచ్చు. నొప్పిలేని పుండు నోట్లోగానీ మలద్వారంలోగానీ ఉంటే ఎవరి కంటా పడదు. దీనికి పూర్తి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. రెండో దశలో యాంటీబాడీలు మరీ ఎక్కువై పరీక్ష తికమకపడి నెగెటివ్ చూపిస్తుంది. అరచేతులమీద దద్దుర్లు కనిపిస్తూ ఆర్‌పీఆర్ నెగెటివ్ వస్తే, శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చూడమని ల్యాబ్‌ని అడగాలి.

2012 ఆగస్టులో లాస్ ఏంజెలిస్ పరిశ్రమ షూటింగులు ఆపింది సిఫిలిస్ వల్లే. ఒక నటుడు తన పరీక్ష కాగితాన్ని దిద్ది సెట్ మీదికి వెళ్లినట్టు ఒప్పుకున్నాడు, తర్వాత జైలుశిక్ష పడింది. కాగితాన్ని నటులు స్వయంగా చేతపట్టుకు తిరిగే పద్ధతి మీద నమ్మకం ఆ దెబ్బతో పోయింది. ఇప్పటి డేటాబేస్ పద్ధతిలో ఫలితం ల్యాబ్ నుంచి నేరుగా వెళుతుంది. నిర్మాతకి కనిపించేది ఒక్కటే, ఈ నటి ఫలానా తేదీ వరకు పనికి అందుబాటులో ఉందా లేదా అని. ఏ పరీక్ష, ఏ వ్యాధి అన్నది కనిపించదు. 2011లో పేర్లు పొక్కిన తర్వాత ఇంతకంటే ఎక్కువ చూపించడానికి ఎవరూ ఒప్పుకోరు. అయినా ఊళ్లో పనిచేస్తున్న నటి వారంపాటు "అందుబాటులో లేదు" అని కనిపిస్తే తోటివాళ్లు ఊహించుకోకుండా ఉండరు. డేటాబేస్ గుట్టు కాపాడగలదేమోగానీ గుసగుసల్ని ఆపలేదు.

పరీక్షల జాబితాలో (ప్యానెల్‌లో) మిగతావి, అసలు లేనివి

హెపటైటిస్ బీకి పరీక్ష కంటే టీకా ముఖ్యం. టీకా అయ్యాక రక్తంలో రక్షణ యాంటీబాడీ మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లు దాటిందో లేదో ఒకసారి చూసుకుంటే ఆ బెంగ తీరుతుంది. ఒక చిన్న సంగతి: టీకా వేయించుకున్న తర్వాత 18 రోజుల వరకూ ఉపరితల యాంటీజెన్ పరీక్ష తాత్కాలికంగా పాజిటివ్ చూపించగలదు. టీకా వేసుకున్న వారంలోనే ప్యానెల్‌కి రక్తం ఇచ్చి భయపడిపోయేవాళ్లు ఉంటారు. హెపటైటిస్ సీలో యాంటీబాడీ పాజిటివ్ వస్తే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేసేదాకా ఏమీ తేలనట్టే. నయమైనవాళ్లలో కూడా యాంటీబాడీ ఉండిపోతుంది. లైంగికంగా సోకే పరాన్నజీవి ట్రైకోమోనాస్ కూడా ప్యానెల్‌లో ఉంటుంది, తేలిగ్గా నయమవుతుంది.

హెర్పిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దారితీసే వైరస్) మాత్రం ఉండవు. నిర్లక్ష్యం కాదు, వాటి పరీక్షలు ఈ పనికి పనికిరావు. హెర్పిస్ రక్తపరీక్ష ఎప్పుడో సోకిందని చెబుతుందిగానీ ఇవాళ అంటుతుందా లేదా చెప్పదు. పెద్దవాళ్లలో చాలామందికి టైప్ 1 చిన్నప్పుడే సోకి ఉంటుంది, ఆ లెక్కన తీసేసుకుంటూ పోతే పనికి మనిషి మిగలడు. హెచ్‌పీవీకి మగవాళ్లలో ఆమోదించిన స్క్రీనింగ్ పరీక్షే లేదు. దానికి దారి టీకా, మహిళలకి గర్భాశయ ముఖద్వార పరీక్ష.

పాజిటివ్ వచ్చిన రోజు

నాట్ పాజిటివ్ అని ల్యాబ్ ఫోన్ చేయగానే మొదటి పని మళ్లీ రక్తం తీయడం. పాత ట్యూబ్‌నే మళ్లీ పరీక్షించడం సరిపోదు, ట్యూబ్ మారిపోయి ఉండొచ్చు. వెయ్యి మంది రెండు వారాలకోసారి పరీక్ష చేయించుకుంటే ఏడాదికి 26,000 పరీక్షలు. వెయ్యి పరీక్షలకి ఒకటి చొప్పున తప్పుడు పాజిటివ్ వచ్చినా ఏడాదికి 26 తప్పుడు గంటలు మోగుతాయి. నిజమైన కేసులు అరుదుగా ఉండే గుంపులో మొదటి పాజిటివ్‌ల్లో చాలాభాగం ఉత్తివని తేలడం మామూలే. అయినా నిర్ధారణ అయ్యేదాకా షూటింగులు ఆపక తప్పదు. నాలుగు రోజుల నష్టానికి గొణుక్కునే నిర్మాతలు 2004ని గుర్తుచేసుకుంటే చాలు.

నిర్ధారణ అయ్యాక వెతుకులాట రెండు వైపులా సాగాలి. ఎవరికి సోకించి ఉంటారో తెలియడానికి చివరి నెగెటివ్ శాంపిల్ నుంచి ముందుకి చూస్తారు. ఎవరి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ శాంపిల్ కంటే వెనక్కి, కొన్ని వారాలు వెళ్లాలి. రెండోది చాలాసార్లు బద్ధకిస్తారు. నేరుగా కలిసినవాళ్లు మొదటి తరం, వాళ్లతో కలిసినవాళ్లు రెండో తరం. మొదటి తరంలో అందరి పనీ ఆపాలి, వాళ్లలో ఎవరికైనా పాజిటివ్ వస్తే రెండో తరానికి వెళ్లాలి. ఆ రోజే చేసిన పరీక్ష నెగెటివ్ వచ్చిందని వదిలేయకూడదు. రెండు వారాలకి మళ్లీ నాట్, ఆఖరి కలయిక నుంచి 45 రోజులు దాటాక యాంటీజెన్–యాంటీబాడీ పరీక్ష చేస్తేనే పూర్తిగా తేలుతుంది. కలయిక జరిగి 72 గంటలు దాటనివాళ్లకి 28 రోజుల పెప్ మందులు, అంటే కలయిక తర్వాత హెచ్‌ఐవీ పాతుకోకుండా ఆపేవి, వెంటనే మొదలుపెట్టాలి. అది మర్నాటికి వాయిదా వేసే పని కాదు.

ప్రెప్ వచ్చాక రిపోర్టు చదవడం మారింది

ఈ పరీక్షల అలవాటు మొదలైనప్పుడు ప్రెప్ మాత్రలు, అంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునేవి, లేవు. ఇప్పుడు చాలామంది వాడుతున్నారు, వాడాలి కూడా. 2014 కేసులో ఆ నటుడుగానీ, అధికారులు మాట్లాడిన అతని భాగస్వాముల్లో ఏ ఒక్కరుగానీ ప్రెప్ వాడుతున్నట్టు చెప్పలేదు. కానీ ప్రెప్ వాడుతూ అరుదుగా ఎవరికైనా సోకితే, మందు వైరస్‌ని అణిచి ఉంచడంతో రక్తంలో ఆర్‌ఎన్‌ఏ చాలా తక్కువగా ఉంటుంది, యాంటీబాడీలు ఆలస్యంగా వస్తాయి. రెండు నెలలకోసారి ఇచ్చే కాబొటెగ్రావిర్ ఇంజెక్షన్ విషయంలో ఈ మసక మరీ ఎక్కువ, ఒకసారి పాజిటివ్, ఒకసారి నెగెటివ్‌గా దోబూచులాడుతుంది. అందుకే క్లినిక్‌కి వెళ్లినప్పుడు ఏ మందు, ఆఖరి మోతాదు ఎప్పుడు అన్నది రాసివ్వాలి. ఇది దాచుకునే సంగతి కాదు.

హెచ్‌ఐవీ ఉండి చికిత్సలో ఉన్నవాళ్ల రిపోర్టు ఇంకో రకంగా తికమకపెడుతుంది. మందు బాగా పనిచేస్తుంటే రక్తంలో వైరస్ నాట్‌కి దొరకదు, పరీక్ష నెగెటివ్ అంటుంది. యాంటీజెన్–యాంటీబాడీ పరీక్ష మాత్రం పాజిటివ్ అంటుంది. మిల్లీలీటరుకి 200 ప్రతుల కంటే తక్కువగా నిలకడగా ఉన్న వ్యక్తి నుంచి లైంగికంగా వైరస్ సోకదన్నది ఇప్పుడు గట్టిగా నిలిచిన శాస్త్రం. పరిశ్రమ నియమాలు దీన్ని ఎలా చూడాలన్నది ఇంకా వాదనల్లోనే ఉంది.

బ్యాక్టీరియా వ్యాధులకి కొత్త ఉపాయం డాక్సీ పెప్. కలయిక తర్వాత 72 గంటల్లోపు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ తీసుకోవడం. సీడీసీ 2024లో దీని మీద మార్గదర్శకాలిచ్చింది, అవి పురుషులతో కలిసే పురుషులకీ ట్రాన్స్ మహిళలకీ. సిఫిలిస్, క్లమీడియా బాగా తగ్గుతాయి, గనేరియా మీద అంత నమ్మకంగా పనిచేయదు. ప్రతి సీన్ తర్వాతా వేసుకుంటే సరిపోతుందనుకునేవాళ్లకి గొంతు గనేరియా ఇంకా ఎదురుగానే ఉంది.

ఖర్చు ఎవరిది, కండోమ్ ఎవరిది

చట్టం వైపు చూస్తే, కాలిఫోర్నియా కార్మిక భద్రతా విభాగం కాల్ ఓషా రక్తం ద్వారా సోకే వ్యాధుల నిబంధనలు ఈ పనికీ వర్తిస్తాయంటుంది. వాటి ప్రకారం హెపటైటిస్ బీ టీకా, ప్రమాదం జరిగితే వైద్యం యజమాని ఖర్చుతోనే జరగాలి. ఒంటి ద్రవాలు తగలకుండా ఆపే అడ్డుగోడ కింద పరీక్ష లెక్కకి రాదు, కండోమ్ వస్తుంది. లాస్ ఏంజెలిస్ కౌంటీ ఓటర్లు 2012లో మెజర్ బీ పేరుతో కండోమ్‌ని తప్పనిసరి చేశారు. దాన్నే రాష్ట్రమంతా తేవాలన్న ప్రొపోజిషన్ 60ని 2016లో ఓటర్లు తిరస్కరించారు. ఏ పౌరుడైనా కేసు వేయొచ్చన్న షరతు వల్ల తమ అసలు పేర్లు, చిరునామాలు కోర్టు కాగితాల్లోకి వస్తాయన్నది నటీనటుల ప్రధాన అభ్యంతరం. ఎయిమ్ పేర్లు పొక్కినప్పటి చేదు వాళ్ల నోట్లో ఇంకా ఉంది. ఈలోగా పరీక్షల ఖర్చు చాలామంది నటీనటులు సొంత జేబు నుంచే పెట్టుకుంటూ వస్తున్నారు.

ఇప్పుడు ఎక్కువ వీడియోలు స్టూడియోల్లో తయారవడం లేదు. ఇద్దరు క్రియేటర్లు ఫోన్ పట్టుకుని ఇంట్లోనే తీసుకుంటున్నారు. అక్కడ నిర్మాతా లేడు, డేటాబేస్ చూసేవాడూ లేడు. ఉన్నది ఒకరికొకరు పంపుకునే స్క్రీన్‌షాట్. దాన్ని దిద్దడం 2012లో కాగితాన్ని దిద్దడం కంటే సులువు. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసుకోవద్దు. ఎదురుగా కూర్చుని, ల్యాబ్ పోర్టల్‌లోకి లాగిన్ అయి చూపించమని అడగాలి, మనదీ అలాగే చూపించాలి. పేరు గుర్తింపు కార్డుతో సరిపోల్చాలి, శాంపిల్ తేదీ చూడాలి, హెచ్‌ఐవీ వరసలో ఆర్‌ఎన్‌ఏ అనో నాట్ అనో ఉందో లేదో చూడాలి, గనేరియా, క్లమీడియా పక్కన గొంతు, మలద్వారం పేర్లు విడివిడిగా ఉన్నాయో లేదో చూడాలి. మూత్రం ఒక్కటే ఉంటే ఆ రిపోర్టు సగమే. ఆ తర్వాత, ఈ తేదీ నుంచి ఇవాళ్టిదాకా ఎవరితోనైనా కలిశావా అని నోరు తెరిచి అడగాలి.